పానం, దమ్ము, ఛీ!

పోయిన నెల ఈ పేజీలో మాటవరసకు ఒక ముక్క రాశాను: “ఒంట్లో సత్తువను చైనావాళ్లు చీ అంటారు, అక్కడ డాక్టరీ చదివినప్పుడు విన్నాను” అని. ఆ ముక్కకు పదకొండు ఉత్తరాలు వచ్చాయి. అంతకుముందు బీపీ గురించి రెండు పేజీలు రాస్తే ఒక్కరూ పలకలేదు. సరే, ఈ నెల పేజీ అంతా దానికే.

“డాక్టరమ్మా, మా మిల్లు ఆఫీసులో సేటు ఒక చైనా అక్షరం పటం పెట్టిండు. అది ‘చీ’ అంట, గల్లాపెట్టెకు ఎదురుగ ఉంటే కలిసొస్తదంట. అసలు చీ అంటే ఏంది? మన ప్రాణమేనా? ఫోటో పంపుతున్న.” – రైస్ మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

ఫోటో పంపి మంచి పని చేశారు తమ్మీ. మీ పటంలో ఉన్నది పాత రాత. పైన వంపు తిరిగిన గీతలు ఆవిరి. వాటి కింద పుల్లలు చల్లినట్టున్న గుర్తు ఏమిటో తెలుసా? బియ్యం! క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు కూర్చిన నిఘంటువులో పైభాగం ఒక్కటే ఉంటే మబ్బు ఆవిరి అనీ, కింద బియ్యం చేరితే అతిథికి ఇచ్చే గింజలు, మేత అనీ ఉంది. ఇప్పటి పంతుళ్లు మాత్రం ఉడికే అన్నం మీద లేచే ఆవిరి అని చెప్పి పిల్లలకు గుర్తుండేలా చేస్తారు. చైనాలో అక్షరాలను సులువు చేసినప్పుడు కింది బియ్యం తీసేశారు, ఇప్పటి రాతలో ఆవిరి ఒక్కటే మిగిలింది. మీ సేటు బియ్యమున్న అక్షరమే తెచ్చాడు, మిల్లుకు తగ్గట్టు.

గల్లాపెట్టె సంగతి ఫెంగ్ షుయ్ అనే చైనా వాస్తు లెక్క. ఆ మాటకు అర్థం గాలి, నీరు. గాలికి చీ చెదిరిపోతుంది, నీటి దగ్గర ఆగుతుంది అని సమాధికి చోటు వెతికేవాళ్లు చెప్పిన పాత మాట. అది దుకాణాలకు, ఆఫీసులకు ఎక్కింది. కలిసొస్తుందా అంటే, తేమ 17 శాతం దాటిన వడ్లు దించుకుంటే ఏ పటమూ ఆదుకోదని సేటుకు మీకంటే బాగా తెలుసు.

ఇక ప్రాణమేనా అన్నది. సగం అవును. తల్లిదండ్రులు ఇచ్చిన చీ ఒకటి, తిన్నదాంట్లోంచి వచ్చేది ఒకటి, పీల్చిన గాలిలోంచి వచ్చేది ఒకటి, ఒంటి పైపైన కావలి కాసేది ఇంకొకటి అంటారు వాళ్లు. ఇంతవరకు మన పెద్దలు చెప్పే పంచప్రాణాలకు దూరం కాదు. కానీ మన మాటలో రాయికి పానం లేదు. వాళ్ల లెక్కలో రాయి, మబ్బు, మనిషి అన్నీ చీయే, చిక్కబడితే వస్తువు, చెదిరితే గాలి. 11వ శతాబ్దంలో జాంగ్ జై అనే తాత్వికుడు దీన్ని నీళ్లలో మంచు గడ్డకట్టి కరగడంతో పోల్చాడు.

నాకైతే చీ క్లాసులో కంటే వీధిలో ఎక్కువ అర్థమైంది. 2010లో షెన్‌యాంగ్ అనే ఊరికి పోయాను, చైనాకు ఈశాన్యం మూల. మొదటి నెలలో నా సైకిల్ పంక్చరైంది. బాగుచేసే ముసలాయన పంపు చూపించి “దా చీ?” అన్నాడు. గాలి కొట్టమంటావా అని. అదే మాటను పరీక్ష ముందు మా పంతులమ్మ ఇంకోలా వాడింది: మాకు ధైర్యం చెప్పడానికి వచ్చానంది, అదీ దా చీయే. గాలి దిగిపోతే శ్యె చీ, అంటే నీరుగారిపోవడం. మనం “వాడి గాలి తీసిన్రు” అంటాం కదా, అచ్చం అదే. వాతావరణం ఆకాశపు చీ. కోపం రావడం చీ పుట్టడం. పిసినారి మనిషి చిన్న చీ మనిషి. మర్యాద అతిథి చీ. ఎవరికైనా థాంక్స్ చెబితే “అతిథి చీ వద్దు” అని జవాబిస్తారు. షూ షెన్ నిఘంటువులో అతిథి గింజలు గుర్తున్నాయా? ఆ రెంటికీ లంకె ఉందో లేదో భాషావాళ్లు తేల్చాలి, నాకు మాత్రం ఆ రోజునుంచి ఆ మాట నోరారా వచ్చింది.

మనకు పానం కంటే ఇంకా దగ్గరి మాట ఒకటుంది: దమ్ము. పార్సీ నుంచి వచ్చింది, అసలు అర్థం ఊపిరి. “దమ్ముంటే రా” అంటే ధైర్యం. “మా అత్తకు దమ్ము లేస్తుంది” అంటే ఉబ్బసం. బిర్యానీకి దమ్ము పెట్టడమంటే మూత చుట్టూ పిండి అంటించి ఆవిరిని బయటికి పోనీయకపోవడం. ఊపిరి, గుండెబలం, బియ్యం మీది ఆవిరి మూడూ ఒకే మాటలో! షెన్‌యాంగ్‌లో ఇది చెప్పినప్పుడు మా పంతులమ్మ నోట్‌బుక్కు తీసి రాసుకుంది.

అన్నట్టు, చీ అనే మాటను పైనుంచి కిందికి కొట్టినట్టు పలకాలి, మనం అసహ్యమేసినప్పుడు “ఛీ!” అంటామే అచ్చం అలా. ఫోన్లో మా నాయనమ్మకు ఈ పాఠం చెప్పబోతే, “గంత పైసలు పోసి పంపితె ఛీ ఛీ అనుడు నేర్చుకుంటున్నవా” అని ఫోన్ మా నాయినకు ఇచ్చేసింది.

“నాడి పట్టుకుని చీ తక్కువైందని చెప్తారని విన్న. మీకు ఎవరన్నా చూసిన్రా? నిజంగ తెలుస్తదా?” – డిగ్రీ విద్యార్థిని, నాగర్‌కర్నూల్

చూశారు. రెండో ఏడాది చలికాలం, బయట మైనస్ 20. పొద్దున హాస్టల్ మెట్లు దిగితే ప్రతి ఒక్కరి మూతి ముందు ఒక తెల్లటి మబ్బు. దానికీ ఒక పేరుంది, హా చీ. మాది అల్లోపతి కోర్సే కానీ చైనా వైద్యం ఒక సబ్జెక్టుగా చదవాలి. ఆ పంతులమ్మకు అరవై దాటి ఉంటాయి. నాడి పాఠానికి నన్ను ముందుకు పిలిచింది. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించింది, మన వైద్యులు పట్టినట్టే. ఒకసారి పైపైన, ఒకసారి నొక్కి. రెండో చేయి. తర్వాత నాలుక చాపమంది. అంచుల్లో పళ్ల గుర్తులు పడ్డాయని క్లాసు మొత్తానికీ చూపించింది, నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. “చీ తక్కువ” అని బోర్డు మీద రాసి, నా వైపు తిరిగి అడిగింది: పొద్దున ఏం తిన్నావు?

ఏమీ తినలేదు. మెస్సు వాసన పడక మూడు వారాలుగా బిస్కెట్ల మీదే నడుస్తోంది బండి.

చీటీ మీద ఆమె రాసిన మందు పేరు శ్యావ్‌మీ జావ. శ్యావ్‌మీ అంటే చిన్న బియ్యం. అవును, ఆ ఫోన్ కంపెనీ పేరు అదే, మనం షావోమీ అంటాం. మెస్సులో అడిగితే గిన్నెడు పోశారు. పసుపుపచ్చగా, సన్నటి గింజ, చెంచాకు అంటుకునేంత చిక్కన. నోట్లో పెట్టుకుంటే కొర్రలు! మా నాయనమ్మ కాచే కొర్ర గటక. ఉప్పు లేదు, మజ్జిగ పోయలేదు, నంజుకోవడానికి ఉల్లిగడ్డ లేదు, అంతే తేడా. ఆరువేల రూపాయల కోటు వేసుకుని పరాయి దేశంలో కూర్చుని, చిన్నప్పుడు “నాకు బువ్వనే కావాలి” అని పక్కకు నెట్టిన గటకను రెండు గిన్నెలు తాగాను.

కథ ఇక్కడ ఆపితే బాగుండు, కానీ ఇంకొంచెం ఉంది. అదే వారం ల్యాబ్‌లో మా రక్తం మేమే పరీక్ష చేసుకున్నాం. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి, నాకు 8.6. ఆమె చీ తక్కువంది, యంత్రం రక్తం తక్కువంది. మనిషి నీరసంగా ఉందని, సరిగ్గా తినడం లేదని ఆమె వేళ్లకు, కళ్లకు తెలిసింది. ఎంత తక్కువో, ఏం వేస్తే ఎక్కుతుందో రక్తపరీక్ష చెప్పింది. జావతో ఆకలి పుట్టింది. కళ్లు తిరగడం పోవడానికి మాత్రం మూడు నెలల ఐరన్ మాత్రలు పట్టాయి. మీరూ ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. మీ వయసు ఆడపిల్లలు నా దగ్గరికి “పానం మంచిగలేదు” అని వస్తే నేను మొదట రాసేది అదే.

“నేను రిటైరైన సైన్సు టీచర్‌ని. ఈ చీని కొలిచిన పరికరం ఉందా? ఉంటే రాయండి. లేకుంటే పేజీ వృథా చేయకండి.” – మహబూబ్‌నగర్

నమస్తే సార్. లేదు. ఏ పరికరమూ కొలవలేదు. చీ పారుతుందని చెప్పే పన్నెండు ప్రధాన నాళాలు శవాన్ని కోసినా కనబడవు, నేను కోశాను. పేజీ మాత్రం ఆపను, ఎందుకంటే చీని సరిచేస్తామని ఒంట్లో సూదులు గుచ్చే చైనా వైద్యం, అదే ఆక్యుపంక్చర్, దాని సంగతి ఇంకా ఉంది.

1971 జులైలో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా విలేకరికి పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) అపెండిక్స్ ఆపరేషన్ అయింది. సూదులతో మత్తిచ్చి కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు. మామూలు మత్తుమందుతోనే కోశారని ఆయనే రాశాడు. సూదులు తర్వాత వచ్చాయి: రెండో రోజు రాత్రి కడుపుబ్బరం తట్టుకోలేకపోతే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద మూడు సూదులు గుచ్చారు. గంటలో ఉబ్బరం దిగిందని రాశాడు. గ్యాసు! చీ అనే మాటకు గ్యాసు అని కూడా అర్థమని తెలిసినవాళ్లకు ఇది చదివితే నవ్వొస్తుంది. ఆ ఒక్క వ్యాసంతో అమెరికాలో సూదుల మోజు మొదలైంది.

మీరు అడిగే లెక్క జర్మనీవాళ్లు తీశారు. ఏళ్ల తరబడి నడుంనొప్పి ఉన్న 1162 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు శాస్త్రం చెప్పిన చోట సూదులు, రెండో జట్టుకు శాస్త్రంలో లేని చోట పైపైన సూదులు, మూడో జట్టుకు మామూలు మందులు, వ్యాయామం. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలల తర్వాత మెరుగైనవాళ్లు మొదటి జట్టులో 47.6 శాతం, రెండోదాంట్లో 44.2, మూడోదాంట్లో 27.4. ఇప్పుడు మీరే చెప్పండి సార్, దీన్ని క్లాసులో ఎలా చెబుతారు? సూది ఎక్కడ గుచ్చినా దాదాపు ఒకటే అయినప్పుడు నాళాల పటానికి విలువ లేదు. కానీ రెండు సూది జట్లూ మందుల జట్టును దాటాయి. గుచ్చడమో, పడుకోబెట్టి అరగంట ఒకరు మన నొప్పిని పట్టించుకోవడమో, ఏదో పనిచేసింది. మా ఓపీలో మనిషికి మూడు నిమిషాలు కూడా దొరకవు, ఆ సంగతి నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

“సోలాపూర్‌ల మా మేనమామలు మగ్గం పనికి పోయి అక్కడ్నే ఉన్నరు. చైనాకు పోయిన డాక్టరుది ఆ ఊరే అంటరు. ఈ చీ, సూదులు ఆయన తెచ్చినవేనా?” – నారాయణపేట

కాదన్నా. ఆయన ద్వారకానాథ్ కోట్నిస్. 1938లో మన దేశం నుంచి పోయిన ఐదుగురు డాక్టర్లలో ఒకడు. పట్టుకుపోయింది సర్జన్ కత్తి, అక్కడ యుద్ధంలో గాయపడ్డవాళ్లకు ఆపరేషన్లు చేస్తూ 1942 డిసెంబర్ 9న, 32 ఏళ్లకే, అక్కడే పోయాడు. చైనా సూదులు నేర్చుకుని కోల్‌కతాకు తెచ్చింది ఆ ఐదుగురిలోనే ఇంకొకాయన, బిజయ్ కుమార్ బసు. నేను ఇండియా అనగానే షెన్‌యాంగ్ ముసలివాళ్లు “కదిహ్వా!” అనేవాళ్లు. కోట్నిస్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు అది.

“మాది మర్రిగూడ మండలం. మా నాయినకు ఫ్లోరైడ్‌తోని మెడ తిరగది, మోకాళ్లు వంగయి. టౌన్‌ల ఒకాయన చీ శక్తి క్యాంపు పెట్టిండు. చేతులు తాకకుండనే దూరం నుంచి శక్తి పంపి ఎముకలల్ల ఫ్లోరైడ్ కరిగిస్తనంటుండు. 21 రోజులకు 15 వేలు. పంపాల్నా?”

పంపకు తమ్మీ. ఆ 15 వేలు ఇంట్లో పెట్టు.

ఫ్లోరైడ్ నీళ్లలో ఎక్కువుంటే ఎముకలో చేరుతుంది, కీళ్ల చుట్టూ ఉన్న పట్టీలు సున్నం పట్టినట్టు గట్టిపడతాయి. అందుకే మెడ తిరగదు. ఒకసారి వంగిపోయిన ఎముకను వెనక్కి తెచ్చే మందు నాకు తెలిసి అల్లోపతిలో లేదు, వాళ్ల చీలో అసలే లేదు. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర వరకు అని మన ప్రమాణం. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు తయారుచేస్తే దానికి మన జిల్లా పేరే పెట్టారు, ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అంటారు. ఇంత బాధ పడ్డ జిల్లాకు వచ్చి దూరం నుంచి కరిగిస్తానంటున్నాడంటే ఆయనకు దమ్ము మాత్రం ఉంది.

దూరం నుంచి చీ పంపడం చైనాలో ఒకప్పుడు పెద్ద పిచ్చి. 1979లో సిచువాన్‌లో ఒక పిల్లవాడు చెవితో అక్షరాలు చదువుతున్నాడని పేపర్లో వచ్చింది. అక్కడినుంచి పదిహేను, ఇరవై ఏళ్లు ఎంతమంది గురువులు లేచారో! జనం అంతరిక్షం నుంచి శక్తి దిగుతుందని తలల మీద అల్యూమినియం గిన్నెలు బోర్లించుకుని బారులు తీరి కూర్చున్న ఫోటోలు ఉన్నాయి. చివరికి సర్కారే మూత పెట్టింది. అక్కడ చెల్లనిది ఇప్పుడు మన టౌన్‌కు వచ్చింది.

నాయినకు చేయాల్సినవి: ఇంట్లో వంటకు, తాగడానికి బోరు నీళ్లు బంద్, భగీరథ నీళ్లే. అన్నం వండే నీళ్ల విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు, తాగడానికొకటి వండడానికొకటి పెడతారు. పాలు, పెరుగు, ఆకుకూర రోజూ. కీళ్లు ఎంత వంగితే అంత, వేడి కాపడం పెట్టి, ఫిజియోథెరపీ ఆయన చూపించినట్టు. కాళ్లలో తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే వెన్నుపూస నరాన్ని నొక్కుతోందని అర్థం, ఆలస్యం చేయకుండా న్యూరో డాక్టర్‌కు చూపించు.

“నాకు 62. ఫోన్ల చూసి తాయ్ చీ నేర్చుకోవచ్చా?” – గద్వాల

తాయ్ చీ అంటే నిదానంగా చేసే చైనా కసరత్తు. చేయండి, కుర్చీ పక్కన పెట్టుకుని. పెద్ద వయసులో పడిపోవడం తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. కాకపోతే ఆ ‘చీ’ వేరే అక్షరం, దానికీ మన చీకీ సంబంధం లేదు.

“మా నాయిన పోయి ఐదు నెలలైంది. అమ్మకు అప్పటిసంది ‘పానం గుంజుతుంది, పానం నిలుస్తలేదు’ అనుడే. ఈసీజీ, షుగరు, బీపీ అన్ని మంచిగనే ఉన్నయి. డాక్టరు ‘ఏం లేదు’ అన్నడు. ఏం లేకుంటె అట్లెందుకంటది? చీ పోయిందా ఆమెకు?” – వనపర్తి దగ్గర ఒక ఊరు

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను అన్నా. ‘ఏం లేదు’ అనడం మా డాక్టర్ల చెడ్డ అలవాటు. రిపోర్టులో ఏం లేదు అనాలి.

రెండు వేల ఏళ్ల నాటి చైనా వైద్యగ్రంథం, పసుపు చక్రవర్తి పేరు మీద ఉన్నది, జబ్బులన్నీ చీలోంచే పుడతాయంటుంది: కోపంతో చీ పైకెక్కుతుంది, భయంతో కిందికి జారుతుంది, ఒకటే ఆలోచిస్తే ముడిపడుతుంది, దుఃఖంతో కరిగిపోతుంది. మనమూ కోపం తలకెక్కిందంటాం, భయానికి కాళ్లల్ల పానం లేదంటాం. అమ్మ చెప్తున్నది ఆ నాలుగోది. ఆమె అబద్ధం చెప్పట్లేదు, నాటకం అసలే కాదు.

ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1980ల మొదట్లో హునాన్‌లోని ఒక ఆసుపత్రిలో ‘నరాల బలహీనత’ అని చీటీ రాయించుకున్న 100 మందితో మాట్లాడాడు. తలనొప్పి, నీరసం, నిద్రలేమి అని వచ్చినవాళ్లు. అందులో 87 మందికి ఉన్నది డిప్రెషన్. మనసు బాగలేదని చెప్పుకోవడం కష్టమైన చోట ఒళ్లే ఆ మాట చెబుతుంది. మా ఓపీకి వచ్చే మీ అమ్మ వయసు ఆడవాళ్లు ‘పానం’ అన్నప్పుడు నేను ఇది గుర్తు చేసుకుంటాను.

చేయాల్సినవి చెబుతాను. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూపించారా? మీరు రాసిన జాబితాలో లేవు, ఈ మూడూ చూపించండి. నిద్ర, తిండి రెండూ తగ్గాయా, చచ్చిపోతే బాగుండు అని ఎప్పుడైనా అంటుందా గమనించండి. అంటే ఆగొద్దు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడిని కలవండి, లేదా సర్కారు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మందులు రాస్తే పిచ్చి మందులని భయపడొద్దు.

చైనా తాత్వికుడు జువాంగ్‌జ భార్య పోయినప్పుడు పరామర్శకు వచ్చిన స్నేహితుడికి ఆయన కాళ్లు చాపుకుని గిన్నె మీద దరువేస్తూ పాడుతూ కనబడ్డాడట. ఇదేం పనని తిడితే, మొదట నేనూ ఏడ్చాను, తర్వాత ఆలోచించాను, ఆమె పుట్టకముందు చీ కూడా లేదు, చీ రూపమైంది, రూపం ప్రాణమైంది, ఇప్పుడు మళ్లీ మారింది, రుతువులు మారినట్టు, అన్నాడట. ఈ కథ మీకోసం రాశాను. అమ్మకు ఇప్పుడే చెప్పకండి. ఐదు నెలలకు ఎవరూ దరువేయలేరు, ఆమెకు వేదాంతం చెప్పేవాళ్లు ఇప్పటికే ఊరంతా ఉండి ఉంటారు.

ఒకటి అడుగుతాను. పొద్దున్నే నాయినకు చాయ్ పెట్టిచ్చే అలవాటు ఉండెనా ఆమెకు? మా ఇంట్లో తాత పోయాక నాయనమ్మ చాలా రోజులు రెండు గ్లాసులు కడిగి, ఒకటి బోర్లించి, ఆ పక్కనే కూర్చునేది. మీ ఇంట్లో ఆ టైమ్ ఏదో చూసుకుని, ఫోన్ లోపల పెట్టి, మీరు కూర్చోండి. థైరాయిడ్ రిపోర్టు వచ్చాక దాని ఫోటో పెట్టి మళ్లీ రాయండి.